పెదవులు కదులుతున్నాయా అని చూసే ఉద్యోగం

కడప చుట్టుపక్కల బండల ఫ్యాక్టరీల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈ మధ్య కొత్తగా సూపర్‌వైజర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని సంగతేదైనా చెప్పండి" అంటుంటారు. ఏ సమ్మె గురించో, ఏ ఇన్‌స్పెక్టరును బురిడీ కొట్టించిన కథో చెబుతాననుకుంటారు. నేను హవాయి దీవుల గురించి మొదలుపెడతాను. ముసలాయనకు మతి చలించిందేమోనని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చూసుకోనివ్వండి. ఓపికుంటే మీరూ వినండి, మీ ఉద్యోగానికి పనికొచ్చే సంగతే.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. మా ఓనరు వ్యాపారస్తుల ఇంట పుట్టినవాడు. మనిషి మంచివాడే గాని గొంతు మాత్రం హైవే దాకా వినిపించేది. బండ పగిలినా తిట్టే, లారీ ఆలస్యమైనా తిట్టే, టీ చల్లారినా తిట్టే. అలాంటివాడు ఒకసారి బెంగళూరులో ఏదో వ్యక్తిత్వ వికాసం క్లాసుకని మూడు రోజులు వెళ్లొచ్చి, గేటు దగ్గర నీళ్లు చల్లే అవ్వకు చేతులు జోడించి నమస్కారం పెట్టాడు. అవ్వ హడలిపోయింది. "ఓనరుకు ఒంట్లో బాగుండ్లేదేమో సూడప్పా" అని నాతో గుసగుసగా అంది.

ఒంట్లో బాగానే ఉంది. ఆయనకు దొరికినది హోఓపొనోపొనో అట. హవాయి దీవుల పెద్దలు తరతరాలుగా మనుషుల మనసుల్ని బాగుచేసే పద్ధతి. మన మనసు శుభ్రం చేసుకుంటే చుట్టూ ఉన్నదంతా శుభ్రమవుతుందనీ, దానికి నాలుగంటే నాలుగు మాటలు చాలుననీ క్లాసులో చెప్పారట. తప్పు నాదే. నన్ను క్షమించు. నీకు కృతజ్ఞతలు. నువ్వంటే నాకు ప్రేమ. ఈ నాలుగూ మనసులో అనుకుంటూ ఉండాలి, అంతే. ఆయన బోర్డులు రాసే పెయింటరును పిలిపించి షెడ్డు గోడమీద గజమంత అక్షరాలతో రాయించాడు. రోజూ పని మొదలయ్యే ముందు పది నిమిషాలు అందరూ కలిసి చెప్పాలన్నాడు. తరువాత పని చేస్తూ కూడా చెప్పుకుంటూనే ఉండాలన్నాడు.

మొదటి రోజు నాలుగో వాక్యం దగ్గరికొచ్చేసరికి షెడ్డంతా నవ్వులు. కోత మిషను నడిపే పెద్దాయన, "సార్, ఈ మాట నా పెండ్లాముకే ఇంతవరకు చెప్పల్యా. ఈడ ఎవురికి చెప్పల్ల, బండకా?" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ నేను సూపర్‌వైజరును, నవ్వకూడదు.

పాలిష్ మిషన్ల రొదలో ఎవరు చెబుతున్నారో ఎవరు చెప్పడం లేదో వినపడదు. అందుకని ఓనరు నాకొక నోటుబుక్కు ఇచ్చాడు. షెడ్డులో తిరుగుతూ పెదవులు కదులుతున్నవాళ్ల పేరు ఎదురుగా టిక్కు, కదలనివాళ్లకు సున్నా పెట్టాలి. డిగ్రీ చదివి, ఇరవై ఏళ్లు బండల నాణ్యం చూసిన మనిషిని, పెదవులు చూసే ఉద్యోగానికి దిగాను. అది హాస్యాస్పదమని నాకు తెలుసు. తెలిసీ శ్రద్ధగా చేశాను. పైవాళ్లు చెప్పిన పిచ్చిపనిని కూడా పొల్లుపోకుండా చేయడమే సమర్థత అని ఆ రోజుల్లో నా నమ్మకం.

మా దగ్గర బండలు మోసేవాళ్లు జతలు జతలుగా పనిచేసేవారు. అందులో ఒక జత గురించి చెప్పాలి. ఒకడు సరిహద్దు ఊరు కోసిగి నుంచి పనికోసం పెళ్లాంతో వచ్చి ఫ్యాక్టరీ వెనక కాలనీలో గది తీసుకున్నవాడు. రెండోవాడు కడపవాడే, ముస్లిం. ఆరేళ్లు ఇద్దరూ కలిసి మోశారు. అన్నం కూడా ఒకే క్యారియర్ మూత మీద పెట్టుకుని తినేవాళ్లు. వాళ్ల చేతిలో బండ పగిలిందన్న మాట నేను ఎన్నడూ వినలేదు.

పెద్ద బండను ఇద్దరు మోసుకొచ్చి ఇనుప స్టాండుకు ఆనిస్తారు. దానికొక కట్టుబాటు ఉంది. వెనక మనిషి "దించు" అని కేకేస్తేనే ముందు మనిషి చేయి వదలాలి. "ఆగు" అంటే ఊపిరి కూడా బిగబట్టి ఆగాలి. వెనకవాడి చేయి ఇంకా స్టాండుకూ బండకూ నడుమ ఉండవచ్చు గనుక. ఆ రొదలో కేక వినాలంటే ముందువాడి ధ్యాసంతా చెవుల్లో ఉండాలి.

ఒక రోజు ఆ ఇద్దరికీ తగువైంది. కోసిగివాడు డబ్బులను దుడ్లు అంటాడు, వాళ్ల పక్క కన్నడం కలుస్తుంది. కడపవాడు దానిని పట్టుకుని పదిమందిలో పొద్దస్తమానం వెక్కిరించాడు. చివరికి కోసిగివాడు వాడి కాలరు పట్టుకున్నాడు. అందరం విడదీశాం. స్నేహితుల మధ్య వచ్చే ఎండాకాలపు తగువు, రెండు రోజుల్లో పోయేదే.

మరునాడు పొద్దున నేను నోటుబుక్కు తీసుకుని కడపవాడి దగ్గరికి పోయాను. "రెండు రోజులుగా నీ పేరు ఎదురుగా సున్నాలే. ఓనరుకు చూపించమంటావా?" అని గట్టిగానే అన్నాను. వాడు పోయి బండ ఎత్తాడు. ముందు వాడు, వెనక కోసిగివాడు. నేను పది అడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాను. వాడి పెదవులు బాగా కదులుతున్నాయి. నాకు కనపడాలని కాబోలు, గొంతెత్తి మరీ చెబుతున్నాడు. సంతోషించి టిక్కు పెట్టబోతున్నాను. వెనకనుంచి "ఆగు" అన్న కేక నాకు వినిపించింది. వాడికి వినిపించలేదు. చేయి వదిలేశాడు.

కోసిగివాడి కుడిచేతికి మూడు వేళ్లు పోయాయి.

ఆసుపత్రి సంగతులు, ఇవ్వవలసినవి, ఓనరు ఏ లోటూ లేకుండా చూశాడు. ఆ విషయంలో ఎవరికీ ఫిర్యాదు లేదు. ప్రమాదాల రిజిస్టరు రాయవలసినవాణ్ని నేను. 'తోటి కార్మికుని అజాగ్రత్త వలన' అని రాసి సంతకం పెట్టాను. అబద్ధమేమీ రాయలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం కడపవాడు నా గదికి వచ్చాడు.

"సార్, నేను ఆ మాటలు చెప్తాంటి. వాని కేక నాకు ఇనపళ్యా. నువ్వు సూస్తాంటివి గదా సార్, నువ్వన్నా చెప్పు వానికి."

నేనేమన్నానో మీకు దాచకుండా చెబుతాను. "ఆ మాట ఎక్కడా అనవద్దు. ఓనరు బాధపడతాడు. ఇప్పుడు నువ్వు ఆసుపత్రికి పోతే వాళ్లవాళ్లు కొడతారు. నీ మనసులోనే ఆ నాలుగు మాటలు చెప్పుకుంటూ ఉండు. నలభై రోజులు చెప్పుకో. అన్నీ సర్దుకుంటాయి" అన్నాను. నిజానికి నేను కాపాడుకున్నది ఓనరును కాదు, వాణ్నీ కాదు. నోటుబుక్కు నాది, సున్నాలు పెట్టిన చేయి నాది. అది బయటికి రాకూడదనుకున్నాను.

వాడు అమాయకంగా నా మాట పట్టుకున్నాడు. నలభై రోజులు పొద్దునా సాయంత్రం గోడ దగ్గర కూర్చుని గొణుక్కునేవాడు. బండ ఎత్తమంటే వెనక్కి జరిగేవాడు. నీళ్ల పైపు పట్టుకునే పనికి మార్చాను. మూత మీద అన్నం అలాగే ఉండిపోయేది. అక్కడ కాలనీ గదిలో కోసిగివాడు కట్టుకట్టిన చేయి ఒళ్లో పెట్టుకుని పలకరించడానికి వచ్చిన ప్రతివాడితోనూ ఒకటే మాట చెప్పేవాడు: "వాడు కావల్లనే ఇడిచినాడు. ముందర్రోజు కాలరు పట్టుకుంటి గదా, దానికి తీర్చుకున్నాడు. తప్పయింటే రాడా? ఒక్క దినమన్నా వచ్చినాడా?"

రాకపోవడానికి కారణం నేను. కాని అది నాకూ వాడికీ తప్ప మూడోమనిషికి తెలియదు.

అప్పట్లో ఓనరు ఆ నాలుగు మాటల మీద తెలుగులో చిన్న పుస్తకం వేయాలని, ఇంకా వివరాలు తెప్పించమని నాకు పురమాయించాడు. ఆఫీసు కంప్యూటరులో వెతికితే హవాయిలో ఒక రిటైరైన పంతులమ్మ ఆ పద్ధతుల మీద రాసిన పేజీ, కింద ఆమె ఈమెయిల్ చిరునామా దొరికాయి. నా ఇంగ్లీషు ఎలా ఉంటుందో మీకు తెలుసు. అయినా రాశాను. పుస్తకం సంగతి రెండు వాక్యాలు రాసి, ఎందుకో మరి, మిగతాదంతా ఆ ఇద్దరి గురించి రాశాను. నలభై రోజులు చెప్పినా గుణం లేదు, ఇంకా ఎన్ని రోజులు చెప్పాలి అని అడిగాను.

మూడో రోజు జవాబు వచ్చింది. రెండే ప్రశ్నలు. దెబ్బతిన్న మనిషి బతికే ఉన్నాడా? అతని ఇల్లు ఎంత దూరం?

బతికే ఉన్నాడు, ఇల్లు అర కిలోమీటరు అని రాశాను.

మరైతే మనసులో ఎందుకు చెప్పుకుంటున్నాడు అని ఆమె అడిగింది.

ఆ తరువాత వచ్చిన ఉత్తరం పెద్దది. నాకు అర్థమైనంతలో చెబుతాను. ఆమె నాన్నమ్మ కాలంలో అది ఒంటరిగా చేసుకునే జపం కాదట. ఇంట్లో ఏ తగువు వచ్చినా, ఎవరికి జబ్బు చేసినా, అందరూ కలిసి కూర్చునేవారు. ముందు దేవుడికి దండం. నడుమ ఒక పెద్ద మనిషి. ఎవరూ ఎదుటివాడితో నేరుగా మాట్లాడరు, ఏం చెప్పినా పెద్దమనిషికే చెప్పాలి. కోపం వస్తే పెద్దమనిషి చేయెత్తుతాడు, అందరూ మౌనం. ఎవరి తప్పు వారు నోటితో ఒప్పుకోవాలి. క్షమించమని అడగాలి, క్షమించాలి. తప్పు చేసినవాడూ దెబ్బతిన్నవాడూ ఒకే తాడు చిక్కులో ఉంటారు గనుక విప్పితే ఇద్దరికీ విడుదల అని వాళ్ల నమ్మకం. తీర్పు లేదు, దండుగ లేదు. చివర అందరూ కలిసి తినాలి. "నాలుగు మాటలు తరువాతి కాలంలో ఎవరో కలిపినవి, వాటిమీద నాకు కోపం లేదు గాని మా నాన్నమ్మకు అవి తెలియవు" అని రాసింది.

ఉత్తరం చివర ఇంకో వాక్యం ఉంది. నడుమ కూర్చునేవారికి ఆ చిక్కులో తమ పోగు ఉండకూడదు.

ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. ఎందుకంటే అప్పటికే నడుమ నేను కూర్చున్నట్టు, ఇద్దరినీ కలిపినట్టు, ఓనరు భుజం తట్టినట్టు మనసులో చూసుకుంటున్నాను.

ఈలోగా కోసిగివాడి భార్య నాకు కబురుపెట్టింది. సోమవారం బస్సుకు సామాన్లతో ఊరికి వెళ్లిపోతున్నారట, మళ్లీ రారట. అంటే మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆరేళ్ల స్నేహితుడు కావాలని చేయి నలగ్గొట్టాడని నమ్ముతూ ఆ మనిషి ఊరికి పోతాడు. ఈ మనిషి ఇక్కడ గోడకు చెప్పుకుంటూ ఉండిపోతాడు.

నీళ్లు చల్లే అవ్వ దగ్గరికి పోయాను. డెబ్బై దగ్గర వయసు, నోరు మంచిది, ఎవరి పక్షమూ కాదు.

"పంచాయితీ చేయనీకి నేనేమన్నా పెద్దమనిషినా?" అంది.

"తీర్పు చెప్పే పని లేదవ్వా. అడగాల, వినాల, కోపమొస్తే ఆపాల. అంతే."

"తీర్పు లేకుండా పంచాయితీ ఎట్లప్పా? సరే, మరి నువ్వు కూచోకూడదా?"

"నేను కూర్చోకూడదు" అన్నాను. అవ్వ నా మొహం వంక చూసి సరేనని తలూపింది.

ఆదివారం పొద్దున మిషన్లు ఆగి ఉన్నాయి. షెడ్డులో గోనెసంచులు పరిచాం. కోసిగివాణ్ని వాళ్లావిడ దాదాపు లాక్కొచ్చింది. కడపవాణ్ని చూసి వెనక్కి తిరగబోతే, "కూచో. పోయేటోనివి, ఇనిపో" అంది. అవ్వ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. కడపవాడు రెండు చేతులూ చాచి ఏదో చదువుకుని మొహానికి తుడుచుకున్నాడు. నేను నేలకేసి చూస్తున్నాను.

"నాకు చెప్పు నాయనా" అంది అవ్వ కోసిగివాడితో.

"వాణ్నే అడుగు. నన్ను పట్టుకోని వాడు పదిమందిలో యగతాళి చేసినాడు. నేను కాలరు పట్టుకుంటి. దానికి నా చెయ్యి తీసినాడు. ఇంగ ఈ చేత్తో నేనేం పట్టుకోవల్ల? చెప్పు, నాగలి పట్టుకుంటానా, బిడ్డను పట్టుకుంటానా?" గొంతు పెరిగింది. కడపవాడి మీదికి లేవబోయాడు.

అవ్వ చేయెత్తింది. వాడు మళ్లీ కూర్చున్నాడు. ఖాళీ షెడ్డులో కుళాయి నీళ్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"ఇప్పుడు నువ్వు" అంది కడపవాడితో.

"నేనే ఇడిచినా అవ్వా. యగతాళి గూడా చేసినా. తప్పు నాదే." అంతకు మించి వాడి నోట రాలేదు. నా వైపు ఒక్కసారి చూసి తల దించేశాడు. నేను చెప్పవద్దన్నాను కదా. అంత జరిగాక కూడా నా మాట నిలబెడుతున్నాడు. ఆ క్షణం నాకు కలిగిన సిగ్గు నా ఉద్యోగంలో ముందూ లేదు, తరువాతా లేదు.

"అవ్వా, నేను చెప్పాల్సింది ఉంది" అన్నాను.

చెప్పాను. ఆ పొద్దున సున్నాలు చూపించి బెదిరించింది నేనేనని చెప్పాను. వాడు నాకు భయపడి గొంతెత్తి చెబుతూ ఉన్నాడనీ, అందుకే కేక వినపడలేదనీ చెప్పాను. "వాని పెదవులు కదలడం నేను చూసినా అవ్వా. ఆ టైములో వాని పేరు ఎదురుగా టిక్కు పెడుతుంటిని. ఆగు అనేది నాకు ఇనిపించింది. నేనన్నా అరిచి ఉండొచ్చు. టిక్కు పెట్టే ధ్యాసలో అరవలేదు. సాయంత్రం వాడు వీని దగ్గరికి పోకుండా ఆపింది కూడా నేనే." చెబుతూ చెబుతూ నా ఉద్యోగపు భాషంతా పోయి ఇంట్లో మాట్లాడే మాట వచ్చేసింది.

అవ్వ మళ్లీ చేయెత్తింది. ఎవరి గొంతూ లేవలేదు, అయినా ఎత్తింది.

కోసిగివాడు నియమం మరిచి నేరుగా కడపవాణ్నే అడిగాడు. "నిజమేనా? ఇనపళ్యా నీకు?"

"ఇనపళ్యా. నీ మీద ఒట్టు. ఇనపడింటే నా చెయ్యి పోయినా ఇడిచేటోన్నా? మాఫ్ చెయ్యి."

"మరి ఇన్ని దినాలు యాడ సచ్చినావు?" అని ఏడుస్తూ ఎడమచేత్తో వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు. అవ్వ ఈసారి చేయెత్తలేదు.

అవ్వ జొన్న రొట్టెలు, చెనక్కాయల పొడి తెచ్చింది. కుడిచేతి వేళ్లు పోయినవాడికి రొట్టె తుంచడం ఎంత కష్టమో ఆ రోజే చూశాను. కడపవాడు తుంచి పెట్టాడు. నలభై రోజులు దాటిన తరువాత వాడు కూడా కడుపునిండా తిన్నాడు. నాకూ ఒక రొట్టె పెట్టారు గాని, దాన్ని నాకు ఇచ్చింది అవ్వ. కోసిగివాడు నావైపు చూడలేదు.

మరునాడు పొద్దున్నే ఓనరుకు అంతా చెప్పి, రిజిస్టరులో నా రాత కింద నిజం రాసి సంతకం పెట్టి, నోటుబుక్కు ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన పాత గొంతుతో తిడతాడనుకున్నాను. "నాదీ ఒక పోగు ఉంది కదయ్యా అందులో. నన్నెందుకు పిలవలేదు?" అన్నాడు. పెయింటరు కోసం ఆగకుండా తానే సున్నం కలిపించి గోడ చెరిపించాడు. నన్ను ఉద్యోగంలోనే ఉంచాడు. క్లాసులో ఏం నేర్చుకున్నాడో గాని, ఆ మాట అన్నందుకు మాత్రం ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

అక్కడినుంచి బస్టాండుకు పోయాను. కడపవాడు ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎక్కిస్తున్నాడు. కోసిగివాడు నన్ను చూసి పక్కకు పిలిచాడు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. క్షమించమని అడిగాను.

"సార్, వాని మీద కోపం నిన్నటికి పాయ. నీ మీద కోపం నిన్ననే మొదులైంది. దానికి గూడా దినాలు కావల్ల గదా" అన్నాడు. కోపంగా అనలేదు. లెక్కప్రకారం చెప్పినట్టు చెప్పాడు.

"మీ ఊరికి వస్తాను" అన్నాను.

"రా. తిడతా. తిట్టించుకోనీకి రా."

ఆ నెలాఖరున కోసిగి పోయాను. ఇంటి ముందు నిలబెట్టి తిట్టాడు. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. పై నెలాఖరున మళ్లీ పోయాను. అరుగు మీద కూర్చోబెట్టి తిట్టాడు. ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు, సెలవు పెట్టి పోయేవాణ్ని. మూడో నెలాఖరున వానలు పడి బస్సు ఎక్కడో ఆగిపోయి, నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తలుపు దగ్గర వాళ్లావిడ ఎదురొచ్చి, లోపలికి కేకేసి, నాతో నవ్వుతూ అంది: "ఇంత పొద్దు చేసినావు గదా సార్. అన్నం గూడా తినకుండా పొద్దున్నుంచి నీ కోసరమే దోవ సూస్తాండాడు, తిట్టనీకి."